బద్రు కాక తోమిన బండలు

పిల్లలూ, ఈ కథ మీరిద్దరూ వినలేదు. మార్చిలో మీకు పరీక్షలని మిమ్మల్ని నాన్న దగ్గర పుణెలో వదిలి నేనొక్కదాన్నే బెల్లంపల్లి వెళ్లాను. అమ్మమ్మ మళ్లీ ఇంట్లో నడుస్తోందని ఫోన్లో చెప్పాను గానీ, ఎట్లా నడిచిందో చెప్పలేదు. అది చెప్పిన మనిషి మాటల్లోనే చెప్పాలి. ఇందులో కోతలన్నీ ఆయనవి. నేను ఒక్కటి కూడా కలపలేదు.

ముందు కొంచెం తెలుసుకోండి. మీ తాత బుచ్చన్న బతికున్నప్పుడు ఆ ఇంట్లో షాబాదు బండలు పరిపించాడు. ఆయన పోయాక మీ రఘుపతి మామ, అమ్మకు తుడుచుకోవడం సులువని, వాటి మీదే మెరిసే టైల్స్ వేయించాడు. అమ్మమ్మ వాటి మీదే జారి తుంటి విరగ్గొట్టుకుంది. దవాఖాన నుంచి వచ్చాక అరుగు మీది మంచం దిగి కడప దాటి ఇంట్లోకి రానంది. కట్టె పట్టుకుని వాకిట్లో నడిచేది గానీ ఇంట్లోకి మాత్రం, స్నానానికైనా సరే, ఇద్దరు పట్టుకుంటేనే, అదీ కళ్లు మూసుకుని. వానాకాలం వస్తే అరుగు మీద ఎట్లా అని మామకు దిగులు. చివరికి టైల్స్ పీకేద్దామన్నాడు. పిలవకుండానే సుత్తె, ఉలి పట్టుకుని వచ్చినవాడు బద్రుద్దీన్ కాక. బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, తాతకు దోస్తు, అమ్మమ్మను అక్కా అంటాడు.

పని అయిపోయిన సాయంత్రం అందరం అరుగు మీద చాయ్ తాగుతున్నాం. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అమ్మమ్మ మంచం మీంచి లేవలేదు. పక్కింటి సదానందం కాక "పని మంచిగైందా?" అన్నాడు. బద్రు కాకకు అది చాలు.

"నేను తీసింది ఒక్క టైలే సదానందం. సుత్తెతోటి గిట్ల ముట్టుకున్న, గంతే. మిగిలినయన్ని భయపడి వాటంతటవే లేచినయి. లేచి గోడకు లైను కట్టినయి, పొద్దుగాల డ్యూటీకి హాజరు వేయించుకునెటోళ్ల లెక్క."

"మరి నా చేతులకు ఈ పొక్కులెట్ల వచ్చినయి కాకా?" అన్నాడు మామ.

"నువ్వు నడుమ మాట్లాడకురా. టైల్స్ కింద సిమెంటు. సిమెంటు కింద మా బుచ్చన్న ఏయించిన బండలు. ఉలి పెట్టి గీకిన, కొబ్బరి పీచుతోటి తోమిన. కంబాలకు పూసిన పచ్చ పెయింటు గూడ గీకిన, లోపల టేకు కట్టె బయటపడ్డది. ఇగ తోముడు మీద తోముడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండ అద్దమైంది! ఎదురింటి లింగవ్వ కోడిపుంజు ఇంట్లకొచ్చి కిందికి చూసింది. ఇంకో పుంజు అనుకొని పొద్దు మునిగేదాక దానితోటి కొట్లాడింది పాపం."

"ఎవరు గెలిచిండ్రు?" అన్నాడు సదానందం కాక.

"కిందిదే గెలిచింది. గది తిని తాగి మంచిగున్నది. రెండో దినం మంగలి సదయ్య దుకాణం బందు పెట్టిండు. ఎందుకు? గడ్డాలన్ని మా దగ్గర్నే గీక్కుంటున్నరు, బండల చూసుకుంట. మూడో దినం సూర్యుడు దర్వాజల నుంచి బండ మీద పడ్డడు. గా వెలుగు కాసిపేట దాక పోయింది. సగం రాత్రి తెల్లారిందనుకొని ఫస్టు షిఫ్టోళ్లు టిఫిన్లు పట్టుకొని ఉరికొచ్చిండ్రు!"

"సగం రాత్రి సూర్యుడెక్కడుంటడే?" అన్నాడు సదానందం కాక.

"బండల ఆగిపోయిండు మరి! పోదామంటే జారుతున్నడు!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అద్దం అన్నప్పుడల్లా అమ్మమ్మ పాదాలు చీర కుచ్చిళ్ల కిందికి ముడుచుకుంటున్నాయి. జారుడు అనేసరికి కట్టెను రెండు చేతులా పట్టుకుంది. మామ కనుసైగ చేశాడు. బద్రు కాక కూడా చూశాడు. కానీ నోరు అప్పటికే పరుగందుకుంది, ఆపలేక దారి మళ్లించాడు.

"ఇంక తోమిన అక్కా. బండ నీళ్ల లెక్క అయింది. కింద బొగ్గుబాయి కనపడ్డది."

"ఈ ఇంటి కింద బాయి లేనే లేదు గదనే!" అన్నాడు సదానందం కాక.

"లేకుంటే నేను చూసిన మనుషులెవరు? సెకండ్ షిఫ్టోళ్లు సద్ది తింటున్నరు. వాళ్ల నడుమ బుచ్చన్న. టోపీకి దీపం, ఒళ్లంత బొగ్గు. నన్ను చూసి ఏమన్నడో ఎరుకేనా అక్కా? 'బద్రూ, పైన మా సారవ్వ నడిచిన సప్పుడు వినక శానా దినాలాయె. జర నడువుమను' అన్నడు."

సదానందం కాక చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. అమ్మమ్మ బద్రు కాక వైపు తిరిగింది.

"ఆయన బాయిల ఎన్నడు దిగిండు?" అంది. "మనుషులను లోపలికి దించే ఇనుప కేజును చూస్తెనే కాళ్లు వణుకుతుండె ఆయనకు. దిగెటోళ్లకు దీపాలిచ్చుడే ఆయన డ్యూటీ. రిటైరయ్యేదాక ల్యాంపు రూముల్నే ఉండె. ఒళ్లంత బొగ్గట!"

సదానందం కాకకు చాయ్ ముక్కులోకి పోయింది. మామ గోడకు తల ఆనించి నవ్వాడు. "దొరికినవు బద్రూ, ఇగ చెప్పు!" అని గోల. అమ్మమ్మ నవ్వలేదు.

"బద్రూ, గిది అబద్ధమైతే, గా అద్దం ముచ్చట గూడ అబద్ధమేనా?"

బద్రు కాక తన కోతను కోత అని ఎన్నడూ ఒప్పుకున్న మనిషి కాదు. దొరికితే ఇంకో నాలుగు కలిపి గట్టెక్కేవాడు. "చెప్పు, చెప్పు" అని సదానందం కాక తొడ చరిచాడు. బద్రు కాక అమ్మమ్మ పాదాల వైపు చూశాడు. గ్లాసు కింద పెట్టాడు.

"అబద్ధమే అక్కా. మెరుపు లేదు, ఏం లేదు. బండ ఎప్పటి లెక్కనే గరుకుగున్నది. సిమెంటు మరకలు గూడ మొత్తం పోలే. ఉలి తగిలి రెండు బండలు పలిగినయి. నీ మీద ఒట్టు."

అమ్మమ్మ మంచం దిగింది. కట్టె పట్టుకుని కడప దాకా వెళ్లి, ఒక పాదం లోపల పెట్టింది. వేళ్లతో బండను రుద్ది చూసింది. "గరుకుగనే ఉన్నది," అంది తనలో తాను. రెండో పాదం పెట్టింది. కంబం పట్టుకుని కాసేపు నిలబడి, దాన్ని వదిలేసింది. మామ లేవబోతే బద్రు కాక అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. లోపల కట్టె చప్పుడు వంటింటి దాకా వెళ్లింది, దేవుని అర్ర దాకా వెళ్లింది. మేం అరుగు మీద వింటూ ఉన్నాం.

"బద్రూ!" లోపల్నుంచి కేక. "ఈ మరకలేంది? రేపొచ్చి గీకు!"

"వస్త అక్కా!" అన్నాడు బద్రు కాక. సుత్తె, ఉలి ఇంటికి తీసుకుపోకుండా అరుగు మూల పెట్టాడు. కోత అని ఒప్పుకున్నందుకు ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

ఇదీ కథ. మీ దోస్తులకు చెప్పండి, రేపు మీకు పిల్లలు పుడితే వాళ్లకూ చెప్పండి. కోడిపుంజును మీ ఇష్టమొచ్చినంత పెంచుకోండి, సూర్యుణ్ని ఎన్నిసార్లయినా జార్చండి. "అబద్ధమే అక్కా" అన్న మాట మాత్రం ఆయన అన్నట్టే చెప్పండి.