రాగి తీగ మీద వేసిన నింద

పెద్దలారా, అక్కల్లారా, పనులు మానుకుని బొల్లాపల్లి దాకా వచ్చిన రైతు సోదరులారా! మన మస్తాన్‌రావు చేత మోటారు బాగుచేయించుకోనివాళ్లు ఇక్కడ ఎవరన్నా ఉన్నారా? ఉండరు. ముప్పై ఒక్క ఏళ్లకే పోయాడు. నేను వాడి పెదనాన్న కోటయ్యని. వాణ్ణి పొగడటానికి కాదు, నా తప్పు ఒప్పుకోటానికి మైకు పట్టుకున్నా.

కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ లాగేసి, కొత్త రాగి తీగ చుట్టేవాడు. మిరపకి నీళ్లు ఆగిపోయాయంటే తిండి కూడా షాపులోనే. ఒక్క చుట్టు తప్పేది కాదు. నాలుగేళ్ల కిందట తప్పటం మొదలైంది. చేతులు వణికాయి, మాట ముద్దయింది. మనమేమన్నాం? తాగుతున్నాడన్నాం. పంచాయతీ మీటింగులో బోరు సంగతి మాట్లాడబోతే, మత్తు దిగాక రారా అని నేనే కూర్చోబెట్టా. వాడు చుక్క ముట్టని పిల్లోడు. చానా పాపం చేశాన్నేను.

తర్వాత ఒక డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. రెండేళ్లు ఆ మందులే మింగాడు. కళ్లజోడు కోసం నరసరావుపేట పోతే, అక్కడ కంటి డాక్టరమ్మ నల్లగుడ్డు చుట్టూ గోధుమరంగు వలయం చూసి గుంటూరు పంపింది. విల్సన్ జబ్బని తేల్చారు. తినే తిండిలోని రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకుపోద్దంట. పుట్టుకతో వచ్చేదంట, తోడబుట్టినోళ్లకీ ఉండొచ్చంట. అప్పటికే కాలేయం చెడిపోయింది.

రాగి అనే మాట వినగానే మనమేం చేశాం? ఇన్నేళ్లు పట్టుకున్న తీగే ఒంట్లోకి ఎక్కిందన్నాం. షాపు మూయించాం. తోడబుట్టినోళ్లకి పరీక్ష చేయించమని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. వాడి చెల్లెలు సుప్రజ ఏనాడన్నా తీగ ముట్టిందా, ఆ పిల్లకి పరీక్షెందుకు అని నేనే అన్నా. నిజం చెప్పాలంటే, పెళ్లి సంబంధం చెడిపోద్దని నా భయం.

చివరి వారంలో, మాట సరిగా రాక, మూడుసార్లు చెప్పాడు. "పెదనాన్నా, ఇది తీగ వల్ల కాదు. చెల్లిని తీసుకెళ్లు." మూడోసారికి గానీ నాకు అర్థం కాలేదు.

ఈ సంగతి సభలో చెప్పనా అని నిన్న సుప్రజని అడిగా. చెప్పమంది. ఆ పిల్లకి అనుకున్న సంబంధం వాళ్లూ ఇక్కడే కూర్చున్నారు. బావగారూ, దాచిపెట్టి పిల్లనివ్వం. రేపు పొద్దున మొదటి బస్సుకి నేనూ, సుప్రజా పరీక్షకి గుంటూరు పోతున్నాం. ముందుగా తెలిస్తే, మాత్రలు వేసుకుంటూ అందరిలాగే బతకొచ్చంట. వాడికా అవకాశం మనం ఇవ్వలేదు.

మస్తాన్‌రావు కోసం రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉందాం. రేపు ఏ రిపోర్టు వచ్చినా, సుప్రజ గురించి వెనకాల మాత్రం ఇంకెప్పుడూ మాట్లాడకుండా ఉందాం. లేచి నిలబడండి.