తుమ్మచెట్ల పక్షాన అబ్దుల్ ఘనీ గారి ఆగ్రహం

1998 మార్చి 14న సౌదీ అరేబియాలో బురైదా పట్టణ శివారులోని మా ద్రాక్షతోటల కార్యాలయంలో గుమాస్తాగా చేరిన జనాబ్ అబ్దుల్ ఘనీ గారు, తమ సుదీర్ఘ సేవాకాలంలో ఎన్నడూ గొంతు పెంచి ఎరుగరు. ఇది వాస్తవమే అయితే, ప్యాకింగ్ షెడ్డు రేకులు ఏటా ఎందుకు వదులవుతున్నాయో మెయింటెనెన్స్ విభాగం సంజాయిషీ ఇవ్వవలసి ఉంటుంది.

కడప నుంచి వచ్చిన ఘనీ గారు స్టోర్స్ బాధ్యతలు సమర్థంగా నిర్వహించి, స్వయంకృషితో భూముల పర్యవేక్షణాధికారి స్థాయికి ఎదిగారు. నిరుడు తోట విస్తరణ పటంలో, చుట్టూ ఉన్న తుమ్మచెట్ల నేలను మేనేజర్ ఓబులయ్య గారు 'ఖాళీ స్థలం'గా చూపగానే, ఆయన సమావేశంలోనే లేచి నిలబడ్డారు.

"ఖాళీ యాడుంది ఓబులయ్యన్నా? ద్రాక్ష కొమ్మలు ఏటా కత్తిరించి కాలుస్తాం, పీల్చిన కార్బనంతా పొగైపోతాది. ఈ మానుల్లో, వేర్లలో తాతల కాలం నుంచీ దాంకోనుంది. పెరికితే అదీ గాల్లోకే!"

"నీ అరుపుకే సగం కార్బన్ బయటికొస్తాంది ఘనీ భాయ్, కూసో. ఎంతుందో కొలిచి చూపించు, కఫీల్‌కు చెప్తా."

మండుటెండలో ఘనీ గారు ప్రతి మాను చుట్టుకొలత తీసి, కొలిచిన చోట ఎర్రరంగు పట్టీ వేశారు. మర్నాడు తోటలో కొమ్మలు కత్తిరించే జగిత్యాల మల్లేశం బృందం ఆ పట్టీలు చూసి, ఎవరినీ అడగకుండా, రంపాలు తీసింది.

"ఆపరా మల్లేశం! ఎవుడు చెప్పినాడ్రా కొట్టమని?"

"గుర్తు వెట్టింది మీరే గద సార్! మా దిక్కు ఫారెస్టోళ్లు ఎర్రగుర్తు వెడితె కొట్టుడే."

"ఇది నిలబెట్టేదానికి రా!"

"గట్లని ముందుగాల జెప్పాలె గద సార్!"

ఆ కేకతో ఒక్క చెట్టు కూడా నేలకొరగలేదు. లెక్కలు చూసిన మా యజమాని కఫీల్ విస్తరణను విరమించుకున్నారు.

ఈ వీడ్కోలు సన్మాన సంచిక ప్రూఫులు చదువుతూ ఘనీ గారు ఇక్కడే ఆగి, వ్యాసకర్తను పిలిపించారు.

"ఒక్కటి కూడా పోలేదా? పెద్ద మాను యాడికి పోయిందిరా, మక్కాకు ఉమ్రా చేసేదానికి పోయిందా?"

"సన్మాన సంచిక కదా సార్, అందుకని..."

"నా పేరు మింద అబద్ధం అచ్చేస్తావా? నేను పట్టీ ఏసినందుకే అది పడింది. రాయి!"

కావున ఈ వ్యాసకర్త ఒప్పుకుంటున్నాడు: ఒక చెట్టు పోయింది, అన్నిటికంటే పెద్దది. ఆనాడు ఘనీ గారు మల్లేశాన్ని వదిలేసి, ఆ మొద్దు పక్కన కూర్చుని సాయంత్రం దాకా తమను తామే తిట్టుకున్నారు.

కొలువు ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ వీసాపై స్వస్థలానికి వెళ్తున్న ఆయన రక్తపోటు అదుపులో ఉండి, కోపం మాత్రం చెట్ల పక్షాన అలాగే ఉండి, శ్రీమతి ఖాలిదా గారితో కలిసి ఆయురారోగ్యాలతో చిరకాలం జీవించుగాక.