ఫ్యాన్‌లో అక్షింతలు

2013లో దసరా వెళ్లిన వారం. సూర్యాపేటలోని ఒక రిపేరు షాపులో తెరలోనే అన్నీ ఇమిడి ఉండే పాత ఆల్ ఇన్ వన్ కంప్యూటర్ వెనక మూత తీసి ఉంది. దాన్ని మోసుకొచ్చినామె స్టూలు మీద కూలబడింది.

"అక్కా, ఇది పది నిమిషాలకే ఎందుకు బందైతున్నదో దొరికింది. జర ఇటు సూడు."

"ఏంది తమ్మీ, పచ్చగున్నయ్?"

"అక్షింతలు. పైన సందులకెల్లి ఫ్యాన్‌ల పడ్డయ్. ఫ్యాన్ తిరగక వేడెక్కుతున్నది. ఎవరేసిన్రు ఇన్ని?"

"నేనే. ఏటా దసరాకు పసుపు కుంకుమ పెట్టి, మా ఇంటర్నెట్ సెంటర్ మంచిగ నడవాలని మొక్కి ఏస్తుంటి."

"అన్నీ తీసేసిన. గంట సంది నడుస్తనే ఉన్నది. ఇగ పరేషాన్ లేదు, తీస్కపో."

"దీన్ని ఉత్త టీవీ లెక్క చెయ్యరాదా? కంప్యూటర్ పని చెయ్యకుండ."

"చెయ్యొచ్చు. గని మంచిగ నడిచేదాన్ని ఎందుకక్కా?"

"అందరి చేతులకు ఫోన్లొచ్చినయ్ తమ్మీ. ఒక్క మనిషి రాకున్నా మీ బావ రోజు షటర్ లేపి కూసుంటడు. సెంటర్ల మిగిలిన ఈ ఒక్కటి బాగైతే సెంటర్ నడుపుతడట. కాకుంటే మిర్యాలగూడ రైసు మిల్లుల కాంటా కాడ పనికి పోతడట. మా పెద్దన్న మాట్లాడి పెట్టిండు."

"మరి నన్నేం చెయ్యమంటవ్?"

"ఇది ఇగ బాగు కాదని ఆయనకు ఫోన్ చేసి చెప్పు. నాకు ఓపిక అయిపోయింది."

"బావకు అబద్ధం ఎట్ల చెప్తనక్కా? కండ్ల ముందట నడుస్తున్నది కద."

"అట్లయితే ఆ అక్షింతలు మళ్ల అండ్లనే పొయ్యి."