ఒంటిచెవి గేదె

అచ్చాయమ్మ ఏడుపు ఎవరూ ఆపలేకపోయారంట. మొగుడు పోయినా ఈవిడ ఇంత ఏడవదని వీధిలో అనుకున్నారు. మొగుడు పేర్రాజు పక్కనే కూర్చుని వింటున్నాడనుకోండి. ఏమైందంటే, ఆవిడ గేదె గౌరి పోయింది. మేతకి తోలుకెళ్తే పాము కరిచిందనీ, అక్కడే పూడ్చేశాననీ చెప్పి, పేర్రాజు దాని చెవి కోసుకొచ్చి చూపించాడు. బీమా చేసిన గేదెకి చెవికి బిళ్ళ ఉంటుంది కదా, చచ్చిందనడానికి ఆ చెవే సాక్ష్యం. నేను కాలేజీలో చేరడానికి ఎన్ని కాగితాలడిగారో చెప్తే ఇవాళ తెల్లారిపోద్ది, గేదెకైతే చెవి చాలు. సరే, అది వదిలేయండి.

బీమా ఆఫీసరు వచ్చి అరుగు మీద కూర్చుని, గేదె నిజంగా పోయిందా అమ్మా అనడిగాడంట. పోయింది బాబూ, నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగిలితే చుక్క పాలు చేపేది కాదు అని ఈవిడ కళ్ళొత్తుకుంటోంది. అంతలో వీధి చివర గేదె అరిచింది. తెగిన పలుపు ఈడ్చుకుంటూ, ఒంటిచెవితో, పొదుగు రాయిలా బిగిసిపోయి, గౌరి వచ్చి అచ్చాయమ్మ భుజమ్మీద మూతి పెట్టిందంట. పేర్రాజు దాన్ని కాలవ అవతల తన అక్కగారింట్లో దాచాడు. అక్కడ అది చేపితేగా. పాపం ఆ అక్కగారు అచ్చాయమ్మ పాత చీర తెప్పించి కట్టుకుని కూడా చూసిందంట.

ఆఫీసరు లేచాడు. "కేసు పెడతాను. జైలుకి పోవాల్సిందే. ఇతన్ని వదిలితే రేపు ఈ ఊళ్ళో ఒక్క గేదెకీ చెవులుండవు" అన్నాడు. అచ్చాయమ్మ చెంబు తెచ్చుకుని గేదె కింద కూర్చుంది. పితుకుతూ చెప్పిందంట: "జైల్లో వేళకి అన్నం పెడతారు బాబూ, ఆ సుఖం ఈయనకెందుకు? రేపు నిజంగా గేదె చచ్చినవాళ్ళనీ మీరు దొంగల్లాగే చూస్తారు. ఆ పాపం ఈయనది, ఈ వీధిలోనే తీర్చుకోవాలి. మీ డబ్బింకా చెయ్యి దాటలేదు. ఏడాదిపాటు దీన్ని ఈయనే తోలుకెళ్తాడు. చెవేదని ఎవరడిగినా నిలబడి ఉన్నదున్నట్టు చెప్తాడు. ఒక్క అబద్ధమాడితే నేనే మీ దగ్గరికి లాక్కొస్తాను."

ఆఫీసరు గేదెనీ పేర్రాజునీ ఎగాదిగా చూసి, కేసు ఆపుతున్నాను, ఎత్తెయ్యట్లేదు అన్నాడంట.

ఇక చూస్కోండి. కాలవగట్టు మీద, టీకొట్టు దగ్గర, "ఏం బావా, మా చెల్లాయి గౌరికి రెండో చెవేది?" "నేనే కోశాను. బీమా డబ్బుల కోసం." పెళ్ళివారు బస్సు ఆపించి మరీ అడిగారు. అందులో ఉన్నది పేర్రాజు వియ్యాలవారే అనుకోండి. నెల తిరక్కుండా ఆఫీసరు దగ్గరికెళ్ళి, అయ్యా, నన్ను జైలుకే పంపండి అని బతిమాలాడంట. మీ ఆవిణ్ణి అడుగు అన్నాడాయన. ఆవిడ ఒప్పుకుంటేనా. ఏడాదీ నడిపించింది. ఆ తర్వాత ఊళ్ళో ఎవరి గేదె పోయినా ఆఫీసరు ముందు అచ్చాయమ్మనే అడిగేవాడు. ఆవిడ పోయిందంటే పోయినట్టే, డబ్బులొచ్చేవి.

పన్నులెగ్గొట్టే పెద్దవాళ్ళని జైల్లో వెయ్యాలా వద్దా అని ఇందాక మీరు నన్నడిగారు కదా. వెయ్యండి, నాకేం. కాకపోతే ముందు తలా ఒక ఒంటిచెవి గేదెనిచ్చి బజారంతా తిప్పండి. జైలు తలుపు వాళ్ళే వెళ్ళి కొడతారు.