లంగరు పట్టిన సింహం

పోర్ట్ చామర్స్ రేవుకు ఎగువనున్న శ్మశానంలో నాయనమ్మ సమాధికి కొత్త రాయి నిలబెట్టారు. పేరు చెక్కడం అయింది, వంశచిహ్నం మిగిలింది. చెక్కే మనిషి టీకి వెళ్ళాడు. అన్న జేబులోంచి వెండి చెంచా తీసి, కాడ మీది లంగరు పట్టిన సింహాన్ని రుమాలుతో తుడిచాడు.

“ఇది చూసి చెక్కమంటాను. స్కాట్లాండ్ నుంచి నాయనమ్మ తెచ్చుకున్నది ఇదొక్కటేగా.”

“ఆగు అన్నయ్యా. నిన్న డనీడిన్ మ్యూజియంలో ఈ సింహాన్నే చూశాను.”

“చూశావా? మనవాళ్ళు గొప్పోళ్ళంటే నవ్వేదానివి.”

“సూపు పళ్ళేల మీద చూశాను. ఉప్పుగిన్నెల మీద కూడా ఉంది. అది ఆవిడ వచ్చిన స్టీమరు కంపెనీ గుర్తు.”

అన్న తన ఉంగరం వైపు చూసుకున్నాడు. అందులోనూ అదే సింహం.

“ఓడ అడుగు తరగతిలో వచ్చే పేదవాళ్ళకి వెండి చెంచాలిస్తారటే?”

“ఇవ్వరు. అక్కడ ఓడ పనివాళ్ళ ఫోటో ఉంది. చివర ఏప్రన్ కట్టుకుని నిలబడింది నాయనమ్మే. దొరల ఎంగిలి గిన్నెలు కడుగుతూ వచ్చిందన్నమాట.”

“అయితే ఇది నొక్కేసిందా?”

“కూలి చాలలేదేమో.”

“ఈ సింహాన్నే మనింటి గేటు మీద పోత పోయించాను. పిల్ల పెళ్ళి శుభలేఖ మీద అచ్చేయించాను.”

“తెలుసు. అందుకే ఉలి పడకముందే చెబుతున్నా. పేరు చాలు.”

చెక్కే మనిషి తిరిగొచ్చాడు. అన్న చెంచా అతని చేతిలో పెట్టాడు.

“ఇదే చెక్కు.”

“అది మనది కాదు కదా, అన్నయ్యా.”

“ఈ సింహం మూతికంటిన సూపంతా సముద్రం పొడుగునా కడిగింది మన నాయనమ్మే. ఇంకెవరిదంటావు?”