గాజుగారూ, మా వాన తెరా

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా గాజు విభాగం పూర్వపు అధిపతిగారికి, వేదిక మీది పెద్దలకు, ప్రయోగశాల మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని నా పెదవుల మీంచి చూపు తిప్పని మా చెల్లికి, ఆమె పక్కన కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకు నమస్కారం.

అధ్యక్షులవారు ఇందాక నన్ను పొగిడారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ‘ఆ ప్లాస్టిక్ కాగితాలావిడ’ అన్న నోటితోనే ఇవాళ ‘విదుషీమణి’ అన్నారు. వారిని మేమంతా చాటుగా ‘గాజుగారు’ అంటాం. చాటుగానే అనుకున్నాం గానీ, ఆ సంగతి వారికి మొదటి నుంచీ తెలుసని ఇప్పుడు వారి నవ్వు చూస్తే అర్థమవుతోంది. (నవ్వులు)

మా చెల్లికి చిన్నప్పటి నుంచీ వినపడదు. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. వీధి మలుపులో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఆమెది. వానొస్తే కొట్టు ముందు ప్లాస్టిక్ తెర దించాలి. దించితే దాని మీద చినుకులు అతుక్కుని, అవతలి మనిషి పెదవులు వంకర్లు తిరుగుతాయి. అలా ఒకసారి పట్టీ మార్చమన్న పెద్దమనిషికి బ్యాటరీ మార్చి ఇచ్చింది. ఆయన తిట్టిన తిట్లు మాత్రం ఎంత వానలోనైనా తెలిసిపోయాయట.

“అక్కా, నువ్వు చేసేది ప్లాస్టిక్కేగా. నీళ్లు నిలవని తెర ఒకటి చెయ్యరాదూ? లేకపోతే వానాకాలమంతా కొట్టు మూసుకోవాల్సిందే,” అంది.

తెర గాజులా తేటగా ఉండాలి, గుడ్డలా చుట్టుకోవాలి, నీటిచుక్క నిలవకూడదు. చుక్క జారాలంటే పొర పైభాగం కంటికి కనపడనంత సన్నటి గరుకుతో ఉండాలి. ఆ గరుకు కాస్త పెరిగితే పొర పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. తగ్గితే తేటగా ఉంటుంది గానీ, చుక్క వచ్చిన చుట్టంలా తిష్ఠ వేస్తుంది. ఎలాగో రెండూ కుదిరాయి కదా అని సంబరపడి చుట్టి చూస్తే, గరుకు కోసం పూసిన పైపూత పగిలి పొడి పొడిగా నా ఒళ్లో రాలింది. అప్పుడే గాజుగారు గుమ్మంలోకి వచ్చారు.

“ఏమ్మా, విరిగేదే కావాలంటే మా గాజు లేదూ?” అన్నారు.

“మీ గాజును చుట్ట చుట్టి చూపించండి సార్, రేపే మీ విభాగంలో చేరిపోతాను,” అన్నాను.

పైవాళ్ల ఓపిక అయిపోయింది. నా పని ఆపాలా వద్దా తేల్చడానికి కమిటీ కూర్చుంది. తెర వాడే మనిషే చెబితే బాగుంటుందని చెల్లిని తీసుకెళ్లాను. ఇద్దరి మాటా విని, మమ్మల్ని బయట కూర్చోమన్నారు. ఆ గదికి ఒకవైపు గోడంతా గాజు. లోపలి మాట బయటికి వినపడదని హామీ ఇచ్చి పెట్టించింది అధ్యక్షులవారే. నిజమే, వినపడదు. (నవ్వులు)

చెల్లి లోపలికే చూస్తూ, “గడ్డం ఆయన ఆపేద్దామంటున్నాడు. అందరూ తలూపుతున్నారు,” అంది. నేను సంచి సర్దుకోబోయాను. “ఉండక్కా, మీ గాజాయన లేచాడు.”

వారు అన్నది, చెల్లి చెప్పింది చెప్పినట్టే చెబుతాను. “ఆవిడ నా మాట ఒక్కటీ వినదు. అయినా ఆవిడ పోతున్న దారి సరైనదే. పైన పూత పూయడం మానేసి, పొర మెత్తగా ఉన్నప్పుడే ఆ గరుకును అచ్చుతో ఒత్తుతానంటోంది. అచ్చులు చెక్కే యంత్రం ఈ ఏడాది నాకిచ్చారు కదా, అది ఆవిడకివ్వండి. నా పని ఆగుతుంది, ఆగనివ్వండి.”

బయటికొచ్చి నాతో ఏమన్నారో గుర్తుందా సార్? “ఇంకో ఏడాది మా ప్రాణాలు తియ్యమని కమిటీ దయతలచింది,” అన్నారు. కమిటీకి నా కృతజ్ఞతలు చెప్పమన్నాను. అంతే.

అచ్చు ఒత్తిన పొర చుట్టినా పగల్లేదు, నలిపినా మసకబారలేదు. తెర కుట్టించి కొట్టుకు కట్టాం. మొదటి వానలో నేనే అవతల నిలబడ్డాను. చినుకులు తెర మీద పడీ పడగానే పూసల్లా దొర్లిపోతున్నాయి.

“ఏమే, నా మాట తెలుస్తోందా?” అన్నాను.

“తెలుస్తోంది. గొడుగు తెచ్చుకోవాలని నీకే తెలియలేదు,” అంది.

ఆ వానాకాలం కొట్టు ఒక్కరోజు కూడా మూతపడలేదు.

ఇన్నేళ్లూ ఈ సంగతి ఎందుకు దాచావని అధ్యక్షులవారు అడగవచ్చు. చెబితే మీరు మొహమాటపడేవారు. మొహమాటపడ్డ మనిషి మనసారా వెక్కిరించలేడు. మీ వెక్కిరింతకు ఏం జవాబు చెప్పాలా అని ఆలోచిస్తూనే నేను రోజూ ఆఫీసుకు వచ్చేదాన్ని. మీరు రిటైరై వెళ్లాక చాలాకాలం, ఏదైనా బాగా కుదిరినప్పుడల్లా గుమ్మం వైపు చూసేదాన్ని. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

ఇప్పుడు అలా తల అడ్డంగా ఊపకండి సార్. మైకు నా చేతిలో ఉంది, మీరేమో అధ్యక్షులు, మధ్యలో లేచి వెళ్లిపోవడానికి లేదు. కాబట్టి అప్పుడు చెప్పనిది ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను, ధన్యవాదాలు. నన్ను భరించిన మీ అందరికీ కూడా. ఇక నాకు సెలవిప్పించండి.