జపాను జట్టుకి నాను మొక్కిన మొక్కు

"మావయ్యా, నీకు క్రికెట్టే సరిగా తెలీదంటుంది అమ్మ. మరి జపాన్లో ఏదో ఫుట్‌బాలు జట్టు కోసం గుండు కొట్టించుకున్నావట కదా. ఫోన్లో రికార్డు పెట్టాను, చెప్పు."

కొట్టించుకున్నాను. మా అప్ప, మీ అమ్మే సెప్పిందా? గుండు మాట సెప్పి ఉంటాది, ఎందుకో మట్టుకు సెప్పి ఉండదు, దానికి సగమే గుర్తుంటాది. కూకో. ఆ ఫోను కొంచెం ఇలా జరుపు, నాను సేతులూపి మాటాడతాను, తగిలి కింద పడగలదు.

అప్పటికి నాను కారు అద్దెకి తిప్పుతన్నాను. స్టీలు ప్లాంటులో కొలిమి లోపలి ఇటికలు మార్చే పనికి జపాను నుంచి ఇంజినీర్లు ఒచ్చీవారు. వాళ్ళలో ఒకావిడ, హరుకో గారని, యాభై దాటుంటాయి. పిట్టంత మనిషి. మగోళ్ళు జంకే సోటికి టోపీ ఎట్టుకుని దిగిపోయీవారు. ఆవిడకి నాను డ్రైవర్ని. పొద్దున్న ఆరింటికి నాను గోపాలపట్నంలో బయల్దేరి, బీచి రోడ్డులో ఆవిడ్ని ఎక్కించుకుని, ప్లాంటులో దింపి, సాయంత్రం మళ్ళీ తేవాల.

నాకు డ్రైవింగు ఒచ్చింది పోర్టులోనే తెలుసా. ఇనప మట్టి తోలే లారీ మీద. అప్పుడు ముప్పావలా పెడితే టీ, బన్నూ ఒచ్చీవి. మా అయ్య ఎలమంచిలి సంతకి ఎడ్లబండి తోలీవోడు. లారీ నేర్సుకుంతానంటే, ఒరే, ఎడ్లకి నిద్దరొత్తే అవే ఆగిపోతాయి, లారీకి ఆ బుద్ది ఉండదు జాగర్త, అన్నాడు. ఏటి సెప్తన్నాను? ఆ, హరుకో గారు.

ఆవిడకి శనివారం సెలవు. పూర్ణా మార్కెట్‌కి కూరగాయలకి తీసుకెల్లీవోడ్ని. వంకాయ సేతిలోకి తీసుకుని, పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు నిమిరి గాని సంచిలో ఏసీవారు కాదు. ఓ శనివారం పదిన్నరకి బండి పక్కకి ఎట్టేను, ఆవిడ ఎనక సీట్లోంచి, "అప్పరాజు సాన్, టెన్ మినిట్స్ ప్లీజ్" అన్నారు. నా పేరు అప్పలరాజు గాని ఆవిడ నోట అలా ఒచ్చీది. సాన్ అంటే మన గారు లాంటిది. సూత్తే ఫోన్లో ఫుట్‌బాలు. ఆ టెన్ మినిట్సు రెండు గంటలయింది. అక్కడ మధ్యాన్నం రెండంటే మనకి పొద్దున్న పదిన్నర. నాను అద్దంలోంచి దొంగసూపులు సూత్తన్నానని కనిపెట్టీసి, ముందు సీట్లోకి ఒచ్చి కూకుని, ఫోను స్టాండుకి తగిలించీసినారు. ఇంక ప్రతి శనివారం అదే పని. మామిడాకు రంగు సొక్కాలు మనోళ్ళవి. మనోళ్ళు అంతన్నాను సూడు, అప్పుడే అలవాటయిపోనాది.

అది ఆవిడ పుట్టిన ఊరి జట్టు. ఆ ఊరూ మన విశాపట్నం లాంటిదేనంట. సముద్రం, ఓడలు, ఇనప కొలిమి. వాళ్ళ నాన్నగారు ఆ కొలిమిలోనే పనిసేసి రిటైరయినారు. సొంతూర్లో ఆట ఉందంటే సాలు, ఆయన ఎల్లి గేలరీలో పైవరసలో ఒకే సీట్లో కూకుంతారు. ఏడాదికోసారి డబ్బు కట్టీసి, ఏళ్ళ తరబడి అదే సీటు. హాఫ్ టైమవగానే హరుకో గారు ఫోను సేసీవారు, ఆయన గ్రౌండంతా తిప్పి సూపించీవారు. నాను కూడా ఊరుకుంతానా, ఓసారి బీచి రోడ్డులో ఆపి దూరంగా నిలబడ్డ ఓడల్ని సూపించేను. ఆయన కళ్ళజోడు పైకెత్తి సూసి ఏదో అన్నారు. ఏటమ్మా అంటే, "అందులో రెండోది ఇనప మట్టికి ఒచ్చిన ఓడ, నీటిలో ఎంత తేలి ఉందో సూడు, ఇంకా ఖాళీగా ఉంది" అన్నారంట. నాను పోర్టులో పనిసేసినోడ్ని, నాకే తట్టలేదు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గురి.

ఇంక నా తెలివి ఇను. మన ఊర్లో టోర్నమెంటంటే ఏటి? కబడ్డీ అయినా, వాలీబాలైనా, ఓడినోడు బ్యాగు సర్దుకుని బస్సెక్కీడమే. మరి ఈళ్ళేటి, శనివారం ఓడిపోతారు, మళ్ళీ శనివారం సొక్కాలు ఉతుక్కుని దిగుతారు. అప్పుడప్పుడు బుధవారం కూడా ఆట ఉండీది, నాను ఆవిడ్ని ప్లాంటు నుంచి తెచ్చే టయానికి. ఆ బుధవారం ఆటలో ఓడినోళ్ళు ఏడుసుకుంటా ఎల్లిపోతన్నారు, మరి కనపడ్డం నేదు. నాకు అర్థమైపోనాది. అంటే, అయిపోనాదనుకున్నాను. బుధవారంది అసలాట, శనివారంది ఉత్త ప్రాక్టీసు అని.

నవ్వకు. నువ్వు కాలేజీ సదువుతన్నావు, నాను పదో తరగతి రెండుసార్లు రాసినోడ్ని.

శనివారం శనివారం మనోళ్ళు ఓడిపోతా ఉండీవారు. హరుకో గారు పెదాలు బిగించీసి కూకునీవారు. నాను, "నో ప్రాబ్లం అమ్మగారూ, ప్రాక్టీస్ ప్రాక్టీస్" అనీవోడ్ని. ఆవిడ తలొంచి "థాంక్యూ" అనీవారు. ఈ డ్రైవరు ఎంత మంచోడు, ఓదారుత్తన్నాడు అనుకున్నారంట, తర్వాత సెప్పేరు. బుధవారం మట్టుకు గెలిసీవారు. ఒకళ్ళని కొట్టేరు, ఇంకొకళ్ళని కొట్టేరు, సెమీ ఫైనలుకి ఒచ్చీసినారు. నాకు ఆనందం ఆగలేదు. ఎవురికీ సెప్పకుండా ఓ ఆదివారం సింహాసలం కొండెక్కి, సామీ, కప్పు మనోళ్ళకి ఇప్పించు, నా తలనీలాలు నీకిత్తాను అని మొక్కేను.

అప్పన్న ఇనీసినాడు మరి. సెమీ ఫైనలు గెలిసేరు. ఫైనలు మట్టుకు పెద్దాట కదా, శనివారం ఎట్టేరు. ఆట సమానమైపోయి, పెనాల్టీల దాకా ఎల్లింది. సివరోడు తన్నబోతన్నాడు, హరుకో గారు నా సొక్కా సెయ్యి పట్టుకున్నారు, ఆవిడకే తెల్దు పట్టుకున్నట్టు. బంతి లోపలికి ఎల్లింది. ఆవిడ దిగి మార్కెట్ సందులో నిలబడి రెండు సేతులూ మొహం మీద కప్పుకున్నారు. అరటిపళ్ళమ్మి, "ఏటన్నా, మేడమ్మకి ఏటయినాది" అని కంగారు పడిపోనాది. "వాళ్ళ ఊరికి కప్పొచ్చినాది" అన్నాను. పాపం ఏటర్థమైందో, రెండు పళ్ళు సేతిలో ఎట్టింది.

మర్నాడు కొండకెల్లి గుండు సేయించీసుకున్నాను. సోమవారం గంధం పూసుకుని డ్యూటీకి ఎల్లేను. సోమవారాలు సత్తిబావ కూడా మా కార్లోనే ఒచ్చీవోడు. నీకు తెల్దు ఆ సత్తిబావ, జపాన్లో ఎనిమిదేళ్ళు పనిసేసి ఆ భాష నేర్సుకున్నోడు, ఇంజినీర్లకీ మనోళ్ళకీ మజ్జిన మాటలు సెప్పీవోడు. ఆడికి ఆటల్లేవు, పాటల్లేవు, కారెక్కితే నిద్రే. ఆ రోజు మట్టుకు నా గుండు సూసి నిద్ర ఒదిలిపోనాది.

"ఏట్రా బావా, ఎవురు పోయేరు?"

"ఎవురూ పోలేదు. అమ్మగారి జట్టు గెలవాలని మొక్కుకున్నాను. సెప్పు ఆవిడకి."

సెప్పేడు. హరుకో గారు ముందు నవ్వేరు. తర్వాత నా గుండుకేసి సూసి, నవ్వు ఆగిపోయి, కళ్ళమ్మట నీళ్ళు. ఏదో సెప్పేరు, సానాసేపు. సత్తిబావ ఇని, నాకేసి తిరిగి, "ఒరే, నువ్వు గుండు ఏరే ఆటకి సేయించీసుకున్నావురా" అన్నాడు.

అప్పుడు తెలిసింది. అవి రెండూ ఏరేరు పోటీలంట. బుధవారం నాటిది కప్పు, ఓడినోడు ఇంటికి. శనివారం నాటిది లీగు, ఏడాది పొడుగునా అందరూ అందరితో ఆడతారు, సివర మిగిలినోళ్ళని కిందనున్న లీగులోకి తోసీస్తారు. మనోళ్ళు ఆ సివర్నే ఉన్నారు. ఇంకా మూడాటలే ఉన్నాయి. నాను ప్రాక్టీసు ప్రాక్టీసు అన్నదే ప్రాణం మీదకొచ్చిన ఆట.

అది కాదు బాధ. ఆ పెద్దాయన కూతురితో అన్నారంట, "జట్టు కిందకి దిగిపోతే నాను కూడా దిగిపోతాను. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం నేదు. వచ్చే ఏడాదికి సీటు ఒదిలీసుకుంతాను" అని. భార్య పోయేరు, ఒక్కరే ఉంతన్నారు. ఈవిడ దేశాలట్టుకుని తిరిగే ఉద్యోగం. ఆయన నవ్వుతా గడప దాటీది ఆ ఆట కోసమే. అది కూడా మానీసి తలుపేసుకుని కూకుంతే ఎలా అని ఆవిడ దిగులు. కప్పు ఎంత మెరిసినా ఆ దిగులు తీర్సదు కదమ్మా.

సాయంత్రం ఇంటికొచ్చి మీ అత్తకి సెప్పేను. "మళ్ళీ మొక్కుదామంటే ఇవ్వడానికి ఎంట్రుక నేదే" అన్నాను. మీ అత్త సేపలు తోముతోంది. ఫుట్‌బాలంటే గుండ్రంగా ఉంటాదని తప్ప దానికి ఏటీ తెల్దు. అంతా ఇని, "నువ్వు జట్టుకి మొక్కేవు, బాగానే ఉంది. ఆ ముసిలాయనకి ఎవురు మొక్కేరు?" అంది.

సేపలు పక్కకి నెట్టి లేచింది.

సేతులు కడుక్కుని, కొండకేసి తిరిగి, "సామీ, ఆటల సంగతి నాకు తెల్దు. ఆ పెద్దాయన్ని ఇంట్లో కూకోనివ్వకు. నా జుత్తు మూడు కత్తెర్లు ఇత్తాను" అని మొక్కీసింది. మళ్ళీ సేపల ముందు కూకుంది.

తర్వాత ఒకాట సమానం, ఒకాట ఓటమి. సివరాట సొంతూర్లోనే, గెలిసి తీరాల. ఆ శనివారం మీ అత్త కూడా ఒత్తానంది, సంచులట్టుకుని ఎనక సీట్లో కూకుంది. గెలవలేదమ్మా. ఒక్క గోలు ఎయ్యలేకపోయేరు. ఈలేసీసినారు, మనోళ్ళు గడ్డి మీద పడిపోయేరు. సిత్రం ఏటంటే జనం ఎవురూ కదల్లేదు. నిలబడి పాడతన్నారు, మామిడాకు రంగు కండువాలు పైకెత్తి.

హరుకో గారు ఫోను సేసేరు. పెద్దాయన కనపడ్డారు. కండువా మడతెడతన్నారు. అప్పుడు మీ అత్త ఎనక నుంచి తల ముందుకెట్టి, తెలుగులోనే, "అన్నయ్యగారూ, వచ్చే ఏడు కూడా ఎల్లాల మీరు. మీరు గ్రౌండు సూపించకపోతే ఈయన శనివారమంతా నా ప్రాణం తినీత్తారు" అంది.

హరుకో గారు తిరిగి, ఏటని అడిగేరు. నాకొచ్చిన ఇంగ్లీషేదో, "యూ ఫాదర్ నో గో, మై వైఫ్ యాంగ్రీ" అన్నాను. ఆవిడ ఏడుత్తానే నవ్వీసి, వాళ్ళ భాషలో సెప్పేరు. పెద్దాయన మీ అత్తకేసి సూసేరు. సూసి, తలొంచి దండం ఎట్టేరు. అంతే. ఔనన్లేదు, కాదన్లేదు.

మరి కొన్నాళ్ళకి హరుకో గారి పని అయిపోనాది. ఎల్లేముందు గోపాలపట్నం మా ఇంటికి భోజనానికి ఒచ్చేరు, సత్తిబావని ఎంటబెట్టుకుని. తిన్నాక ఫోను తీసి ఓ బొమ్మ సూపించేరు. వచ్చే ఏడాదికి సీటు కార్డు. కొత్తది. పెద్దాయన పేరు దాని మీద. జట్టు కిందకి దిగిపోనాదని సానామంది సీట్లు ఒదిలీసుకున్నారంట, అందుకని గేటు పక్కన కింద వరసలో సీటు ఖాళీ అయ్యింది. నాలుగే మెట్లు. మునపైతే ఆ సీటు ఎవురికీ దొరికీది కాదంట. ఎందుకు మనసు మార్సుకున్నారని అడిగితే, "ఇండియాలో ఆవిడ కోప్పడతాదని" అన్నారంట ఆయన. సత్తిబావ అది సెప్తా సెప్తా మజ్జిలో మజ్జిగ గ్లాసు ఎత్తి తాగీసినాడు.

మీ అత్త కంచాలు తీసింది. తీసినాక, "రేపు బండి తీయండి, కొండకెల్లాల" అంది.

ఎల్లేము. మూడు కత్తెర్లూ ఇచ్చీసింది. నాకు గుండు తళతళా ఉన్నప్పుడు నలుగురూ అడిగేరు, అది ఇచ్చిన మూడు కత్తెర్లు ఎవురికీ కనపళ్ళేదు. పని సేసింది మట్టుకు దాని మొక్కే.

ఇప్పుడా? ఇప్పుడు కింద లీగులోనే ఆడతన్నారు. సిన్న సిన్న గ్రౌండులు. పెద్దాయన ఎల్తనే ఉన్నారు, ఓ శనివారం వాన, గొడుగట్టుకుని మరీ. హరుకో గారు ఏ దేశంలో ఉన్నా మమ్మల్ని కూడా కలిపి ఫోను సేత్తారు. మీ అత్త సేతులు తుడుసుకుంటా ఒచ్చి ఓసారి సూసి, "ఉన్నారు, ఉన్నారు" అనీసి ఎల్లిపోతాది. స్కోరు అడగదు.

నీకు పరీక్షలు కదా వచ్చే నెల్లో. నీకూ మొక్కుదామనుకుంతన్నాను గాని, ముందు నువ్వు సెప్పు తల్లీ, నీకు ఏటి కావాలో. మార్కులా, ఉద్యోగమా, మరోటా. తెలీపోతే తొందర నేదు. తెలిసినాక సెప్పు. నీ మనసులో ఉన్నది నీకు దక్కాల, సల్లగా ఉండాల. ఏటే, అలా సూత్తన్నావు? కళ్ళు తుడుసుకో, మీ అత్త సూత్తే నన్ను తిడతాది…